పాదం, అచ్చు, అట్ట: వెడల్పు పాదాలకు తగిన పాదరక్షల అన్వేషణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెడల్పు పాదాలు గలవారికీ, పాదవంపుకు ఆధారంగా ఆర్థోటిక్ అట్టలు వాడవలసినవారికీ నడకకు అనువైన బూట్లు దొరకడం కష్టం. ఈ ఇబ్బందిని సాధారణంగా వ్యక్తి శరీరానికి సంబంధించిన సమస్యగా పరిగణిస్తారు. అయితే ఇది పాదరక్షల తయారీ చరిత్రలో, ముఖ్యంగా 19వ శతాబ్దిలో అచ్చు, సైజు, యంత్రం కలిసి స్థిరపరచిన ఒక ప్రమాణం నుండి పుట్టినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాంపర్, మేయర్‌ల శరీరశాస్త్ర విమర్శ, అమెరికా సైన్యం చేసిన కొలతలు, బ్రానాక్ పరికరం, వేలూరు సమీపంలోని కరిగిరిలో కుష్ఠురోగుల కోసం జరిగిన పాదరక్షల కృషి, భారతీయ పాదాల కొలతల సర్వే అనే ఘట్టాల ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పాదరక్షలు, కొయ్య అచ్చు, వెడల్పు, లోతు, ఆర్థోటిక్ అట్ట, కరిగిరి, 'భా' కొలతలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో చెప్పు 'కరుస్తుంది'. కొత్త చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి, మడమ వెనుక తోలు ఊడినవారెవరూ తమ కాలిని తప్పు పట్టరు. 'చెప్పు కరిచింది' అనే అంటారు. ఈ వాడుకలో కర్త చెప్పు, బాధితురాలు పాదం. ఆధునిక పాదరక్షల విపణిలో ఈ సంబంధం తలకిందులైంది. దుకాణంలో బూటు పట్టనప్పుడు 'మీ పాదం వెడల్పు' అన్న సమాధానం వస్తుంది. బూటు సరిగానే ఉన్నదని, పాదమే ప్రమాణానికి భిన్నంగా ఉన్నదని దాని అర్థం. ఈ ప్రమాణం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి కోసం ఏర్పడిందన్నది చారిత్రకంగా పరిశీలించదగిన ప్రశ్న.

సమస్య స్వరూపాన్ని ముందుగా స్పష్టం చేసుకోవాలి. పాదరక్షకు నిడివి, వెడల్పు, లోతు అనే మూడు కొలతలున్నాయి. వీటిలో కొనుగోలుదారుకు ముద్రించి చెప్పేది సాధారణంగా నిడివి ఒక్కటే. వెడల్పు పాదం గలవారు తమ నిడివికి సరిపడే బూటు వేసుకుంటే మునిపాదం ఇరుకున పడుతుంది. దానిని తప్పించుకోవడానికి ఒకటి రెండు సైజులు పెద్దది కొంటారు. అప్పుడు బొటనవేలి మొదటి కీలు బూటు వంగే చోటికి వెనుకగా పడుతుంది, మడమ జారుతుంది. ఆర్థోటిక్ అట్ట చేరితే మూడవ కొలత తెరమీదికి వస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల మందం గల ఆ అట్ట పాదాన్ని పైకి లేపుతుంది. బూటు పైతోలు మాత్రం లేవదు. అందువల్ల అంతవరకు సరిపోయిన బూటు కూడా వేళ్ల పైభాగంలోనూ పాదం మెట్టు మీదా నొక్కుతుంది. వెడల్పు కొరత, లోతు కొరత ఇక్కడ ఒకదానికొకటి తోడవుతాయి. వీటి చరిత్రలు వేరు వేరు. వెడల్పు చరిత్ర పరిశ్రమదైతే, లోతు చరిత్ర ప్రధానంగా వైద్యానిది.

2. కొలిచి కుట్టే పద్ధతి – విప్పారిన చెప్పు

యంత్రాల పూర్వయుగంలో పాదరక్షల తయారీ ప్రపంచంలో చాలాచోట్ల వ్యక్తి పాదం నుండే మొదలయ్యేది. తెలుగు పల్లెల్లో మాదిగ వృత్తికారులు లందలో ఊరవేసి, తంగేడు చెక్కతో పదును చేసిన తోలును రంపెతో కోసి, ఆరెతో కుట్టి చెప్పులు తయారు చేసేవారు. తోలు మీద కాలు మోపించి, చుట్టూ గీత గీసి, ఆ గీత వెంబడి అట్టను కోయడం ఈ పనిలో తొలిమెట్టు. ఇక్కడ ప్రమాణం ముందుగా ఉండదు, ఎదురుగా నిలబడిన మనిషి పాదమే ప్రమాణం. పైగా ఆ చెప్పు విప్పారినది. వేళ్లకు గోడ లేదు, పక్కలకు కప్పు లేదు. బొటనవేలి పట్టీ, పాదం మెట్టు మీది పట్టీ వాడుకలో సాగి పాదానికి అమరుతాయి. ఇటువంటి పాదరక్షకు 'వెడల్పు పాదం' అనే వర్గం అవసరం లేదు.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం మాత్రం చరిత్రకు విరుద్ధం. రైతుకు ఏడాది పొడుగునా చెప్పులు, మోట తోళ్లు, పగ్గాలు సమకూర్చినందుకు కళ్లంలో మేరగా ధాన్యం పొందిన కుటుంబాలే, తాము కుట్టిన చెప్పులను పై కులాలవారి ఎదుట తొడుక్కుని నడవడానికి వీలులేని కట్టుబాట్ల కింద బతికాయి. పాదాన్ని బాగా ఎరిగిన చేతులకు పాదరక్ష మీద హక్కు లేదు. 'ఎవరి పాదం కొలతకు వస్తుంది' అన్న ప్రశ్న యంత్రయుగానికి ముందే సామాజిక ప్రశ్న అనడానికి ఇది నిదర్శనం.

యూరప్‌లో కప్పు గల బూటు ప్రధానమైంది. దానిని కుట్టడానికి కొయ్య అచ్చు కావాలి. 17వ శతాబ్దిలో ఎత్తు మడమల వాడుక పెరగడంతో, కుడి ఎడమలకు వేరు వేరుగా మడమ అచ్చులు చెక్కడం కష్టమై, రెండు కాళ్లకూ ఒకే అచ్చు మీద బూట్లు కుట్టే అలవాటు స్థిరపడింది. సుమారు 200 ఏళ్లు యూరప్, అమెరికాలలో బూటుకు కుడి ఎడమల భేదం లేదు. 1800 ప్రాంతం నుండి ఆ భేదం క్రమంగా తిరిగి వచ్చింది. అంటే పాదానికీ అచ్చుకూ మధ్య ఎడం యంత్రాలకు ముందే ఏర్పడింది. యంత్రం దానిని స్థిరీకరించింది.

3. శరీరశాస్త్రజ్ఞుల విమర్శ: కాంపర్, మేయర్

ఈ ఎడాన్ని శాస్త్రీయంగా ప్రశ్నించినవారిలో డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు పెట్రస్ కాంపర్ (1722–1789) ముఖ్యుడు. ఉత్తమమైన బూటు ఆకారం ఎలా ఉండాలన్న విషయంపై ఆయన 1781లో ఒక గ్రంథం ప్రకటించాడు. గుర్రాల, కంచరగాడిదల గిట్టల సంరక్షణ మీద పండితులు చూపిన శ్రద్ధ మనిషి పాదం మీద చూపలేదన్నది ఆయన ఆక్షేపణ. నడకలో బరువు పడినప్పుడు పాదం నిడివి మారుతుందనీ, కూర్చున్నప్పుడు తీసిన కొలత నడిచే పాదానికి చాలదనీ ఆయన గుర్తించాడు. కొలతను నిశ్చలమైన పాదం నుండి కదిలే పాదానికి మార్చాలన్న ఈ సూచన తరువాతి చరిత్రకంతటికీ బీజం.

1858లో జ్యూరిక్ శరీరశాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ మేయర్ బూట్ల సరియైన ఆకారం గురించి రాసిన చిన్న పుస్తకం ఈ విమర్శకు జ్యామితిని సమకూర్చింది. ఆరోగ్యకరమైన పాదంలో బొటనవేలి నిడుపు గీతను వెనుకకు పొడిగిస్తే అది మడమ మధ్య నుండి పోతుందని ఆయన చూపాడు. ఇదే 'మేయర్ రేఖ'. నాటి బూట్ల మొన నడిమి వేలి వైపు ఉండటం వల్ల బొటనవేలు బయటికి కాక లోపలికి, అంటే తక్కిన వేళ్ల వైపుకు నెట్టబడేది. మేయర్ వాదనలో గమనించదగినది 'వికృతి' అన్న భావన స్థానం మారడం. వంకర పోయిన బొటనవేలు పాదం దోషం కాదు, వంకర అచ్చు ఫలితం. ఈ పుస్తకం త్వరలోనే ఆంగ్లంలోకి అనువాదమై, బూటు సంస్కరణవాదులకు ఆధారమైంది. కాని విపణి అప్పటికే వేరొక దారి పట్టింది.

4. యంత్రం, సైజు, సరుకు నిల్వ

మేయర్ పుస్తకం వెలువడిన 1858లోనే అమెరికాలో లైమన్ బ్లేక్ అట్టను పైతోలుకు కుట్టే యంత్రానికి పేటెంట్ పొందాడు. అంతర్యుద్ధ కాలంలో గోర్డన్ మెకే చేతుల్లో అది విస్తరించింది. మిగిలిన అడ్డంకి పైతోలును అచ్చు మీద లాగి బిగించే పని. నిపుణుడైన పనివాడు రోజుకు సుమారు 50 జతలు మాత్రమే బిగించగలిగేవాడు. సురినామ్‌లో జన్మించి మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో స్థిరపడిన నల్లజాతి కార్మికుడు యాన్ మాట్జెలిగర్ (1852–1889) ఈ పనికి యంత్రాన్ని రూపొందించి 1883లో పేటెంట్ పొందాడు. దానితో రోజుకు వందలాది జతలు సాధ్యమయ్యాయి. అచ్చులను సైతం 1819 ప్రాంతంలో థామస్ బ్లాంచర్డ్ తుపాకి కొయ్యల కోసం రూపొందించిన లేత్ పద్ధతిలో ఒక నమూనా నుండి అనేకంగా చెక్కడం మొదలైంది.

ఈ మార్పుతో ప్రమాణం పాదం నుండి అచ్చుకు బదిలీ అయింది. ఒక వ్యక్తి కోసం కుట్టిన బూటులో పొరపాటు ఆ వ్యక్తికే పరిమితం. నమూనా అచ్చులోని ఇరుకు మాత్రం దాని మీద తయారైన వేలాది జతలకు సంక్రమిస్తుంది.

నిడివి కొలతలు దేశాన్ని బట్టి వేరు. ఆంగ్ల పద్ధతిలో ఒక సైజుకూ మరొక సైజుకూ భేదం అంగుళంలో మూడవ వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. ఫ్రెంచి పద్ధతిలో సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 6.7 మిల్లీమీటర్లు. వెడల్పును సైతం కొలతల పట్టికలోకి తెచ్చిన ఘనత 1880 ప్రాంతంలో న్యూయార్క్‌కు చెందిన ఎడ్విన్ సింప్సన్‌కు దక్కుతుంది. అర సైజులతో పాటు అక్షరాలతో వెడల్పులను సూచించే ఈ అమెరికన్ పద్ధతిలో ఒక అక్షరం మారితే మునిపాదం చుట్టుకొలత పావు అంగుళం మారుతుంది.

అంటే వెడల్పు పాదాలకు పరిష్కారం 140 ఏళ్లకు పూర్వమే కాగితం మీద సిద్ధమైంది. అది అంగట్లో నిలవకపోవడానికి కారణం శాస్త్రంలో కాక లెక్కలో ఉంది. 6 నుండి 13 వరకు అర సైజులతో కలిపి 15 నిడివులు. ఒక్కొక్క దానికి 5 వెడల్పులు ఉంచితే ఒకే నమూనాకు, ఒకే రంగుకు 75 జతలు నిల్వ చేయాలి. రంగులు మూడైతే 225. ఇన్ని జతలలో అంచున ఉన్న కొలతలు ఆలస్యంగా అమ్ముడవుతాయి లేదా మిగిలిపోతాయి. నమూనాలు త్వరత్వరగా మారే కాలంలో వ్యాపారికి ఇది భారం. అందువల్ల నిడివుల వరుసను ఉంచి వెడల్పుల వరుసను మధ్యమానానికి కుదించడం సులభమైన మార్గమైంది. 'వెడల్పు పాదం' అన్నది ఇలా నిల్వ ఖర్చు నుండి పుట్టిన వర్గం.

5. సైనికుని పాదం

బూటు ఇరుకును ఖర్చుగా లెక్కించవలసి వచ్చిన తొలి సంస్థ సైన్యం. పుండ్లు పడిన పాదాలతో నడవలేని సైనికుడు యుద్ధానికి పనికిరాడు. అమెరికా సైన్యానికి చెందిన వైద్యాధికారి ఎడ్వర్డ్ మన్సన్ అధ్యక్షతన ఏర్పడిన బూటు మండలి నాలుగేళ్లపాటు సుమారు 2,000 మంది సైనికుల పాదాలను పరిశీలించింది. దాని ఫలితాలను మన్సన్ 1912లో గ్రంథరూపంలో వెలువరించాడు. లోపలి అంచు తిన్నగా, మునివేళ్ల భాగం వెడల్పుగా, ఎత్తుగా ఉండే 'మన్సన్ అచ్చు'ను సైన్యం స్వీకరించింది.

ఈ ఘట్టంలో అచ్చుకన్నా విలువైనది కొలిచే విధానం. సైనికుడు వీపున 40 పౌండ్ల (సుమారు 18 కిలోల) బరువు మోస్తూ, కొలిచే కాలిపైనే శరీర భారమంతా మోపి నిలబడాలి. ఆ స్థితిలో పరచుకున్న పాదమే కొలతకు ఆధారం. 1781లో కాంపర్ గుర్తించిన విషయం 1912లో సైనిక ఉత్తర్వుగా మారింది. పౌర విపణికి ఈ నిర్బంధం లేదు. నడవలేని సైనికుని వల్ల కలిగే నష్టం రాజ్యానిది కనుక రాజ్యం కొలిచింది. నడవలేని గృహిణి, ఉపాధ్యాయుడు, కూలీ నష్టం వారి సొంతం కనుక అది ఏ లెక్కలోకీ రాలేదు.

6. దుకాణంలో కొలత: బ్రానాక్ పరికరం, ఎక్స్‌రే పెట్టె

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో చెప్పుల వర్తకుని కుమారుడైన చార్లెస్ బ్రానాక్ (1903–1992) 1920లలో రూపొందించిన లోహపు పరికరం పాదాన్ని మూడు విధాల కొలుస్తుంది: మడమ నుండి వేలి కొస వరకు, మడమ నుండి బొటనవేలి మొదటి కీలు వరకు, మునిపాదం వెడల్పు. వీటిలో రెండవ కొలత ముఖ్యమైనది. ఒకే నిడివి గల రెండు పాదాలలో వేళ్లు పొట్టిగా ఉన్న పాదానికి కీలు ముందుగా ఉంటుంది. బూటు వంగవలసింది ఆ కీలు దగ్గరే కనుక, ఆ పాదానికి నిడివి చెప్పే సైజుకన్నా పెద్ద సైజు అవసరం కావచ్చు. వెడల్పు పాదాలవారు గుడ్డిగా సైజు పెంచుకోవడానికీ, ఈ లెక్క ప్రకారం పెంచుకోవడానికీ ఉన్న భేదం ఇదే.

దాదాపు అదే కాలంలో అమెరికా, బ్రిటన్ దుకాణాలలో మరొక యంత్రం వెలిసింది. చెక్కపెట్టెలో అమర్చిన ఎక్స్‌రే యంత్రంలో బూటుతో సహా కాలు పెడితే ఎముకల నీడ కనిపించేది. పిల్లలకు అది వినోదం, తల్లులకు అది శాస్త్రం. కాని బూటు ఇరుకును అనుభవించే కండ, చర్మం ఆ నీడలో సరిగా కనబడవు. కిరణాల ప్రమాదం బయటపడ్డాక ఇవి క్రమంగా తొలగిపోయాయి. 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వీటిని నిషేధించింది. చవకైన, ప్రమాదం లేని బ్రానాక్ పరికరం మాత్రం నిలిచింది. అయితే అది కొలతను చెబుతుందే గాని ఆ కొలతకు తగిన జతను సృష్టించలేదు. దుకాణాలలో వెడల్పుల నిల్వ తగ్గిన కొద్దీ దాని సమాధానం నిరుపయోగమైంది.

7. అట్ట చరిత్ర

బూటును మార్చలేనప్పుడు బూటు లోపలి నేలను మార్చే ప్రయత్నం వైద్యం నుండి వచ్చింది. 1880ల చివర న్యూయార్క్ ఎముకల శస్త్రవైద్యుడు రాయల్ విట్‌మన్ చదునుపాదాల చికిత్సకు ఉక్కు ఫలకాన్ని ప్రవేశపెట్టాడు. రోగి పాదానికి ప్లాస్టర్ పోతపోసి, ఆ పోతకు అనుగుణంగా లోహాన్ని మలిచేవారు. వ్యక్తి పాదం నుండే ప్రమాణాన్ని తీసుకునే పాత వృత్తికారుని పద్ధతి ఇక్కడ వైద్యశాలలో పునర్జన్మ పొందింది. చికాగోలో విలియం షోల్ 1904లో ప్రవేశపెట్టిన పాదాధారం దీనిని అంగడి సరుకుగా మార్చింది. జర్మనీలో కోన్రాడ్ బిర్కెన్‌స్టాక్ 20వ శతాబ్ది తొలినాళ్లలో వంగే గుణం గల లోపలి అట్టలను తయారు చేశాడు. 1963లో ఆయన మనుమడు కార్ల్ ఆ అట్టనే అడుగుభాగంగా చేసి పైన పట్టీ బిగించి విప్పారిన చెప్పును రూపొందించాడు. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో అమెరికాలో మెర్టన్ రూట్ పాదం కీళ్ల కదలికను పరీక్షించి ప్లాస్టిక్‌తో అట్టలు మలిచే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. నేటి ఆర్థోటిక్ అట్టల్లో చాలావరకు ఆ సంప్రదాయంలోనివే.

ఈ క్రమంలో ఒక వైరుధ్యం దాగి ఉంది. అట్ట వ్యక్తి కోసం తయారవుతుంది, దానిని ఇముడ్చుకోవలసిన బూటు సగటు పాదం కోసం తయారవుతుంది. బిర్కెన్‌స్టాక్ చెప్పులో అట్టే బూటు కనుక ఈ ఘర్షణ లేదు. మామూలు నడక బూటులో మాత్రం అట్టకు చోటు లేదు. ఈ వైరుధ్యానికి స్పష్టమైన సమాధానాలలో ఒకటి దక్షిణ భారతంలో, నొప్పి తెలియని పాదాల నుండి వచ్చింది.

8. కరిగిరి: కరిచినా తెలియని పాదం

పాల్ బ్రాండ్ (1914–2003) తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించి, లండన్‌లో శస్త్రవైద్యం చదివి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరాడు. చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ పట్టణానికి సమీపంలోనే కరిగిరిలో శీఫ్లిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం 1955లో ప్రారంభమైంది. చేతుల శస్త్రచికిత్సతో పేరు పొందిన బ్రాండ్, ఆయన సహచరులు పాదాల పుండ్ల విషయంలో మరొక చిక్కును ఎదుర్కొన్నారు. మానిన పుండు రోగి నడవడం మొదలుపెట్టగానే తిరిగి వచ్చేది. పుండు కుష్ఠు వల్ల నేరుగా వచ్చేది కాదనీ, స్పర్శ కోల్పోయిన పాదం మీద పడే ఒత్తిడి వల్ల వచ్చేదనీ వారు నిర్ధారించారు.

బ్రాండ్ ఈ ఒత్తిడిని రకాలుగా విడదీశాడు. పదునైన వస్తువు వల్ల ఒక్కసారిగా కలిగే గాయం ఒకటి. నడకలో అదే చోట వేలసార్లు పడే మోస్తరు ఒత్తిడి రెండవది. తక్కువే అయినా గంటల తరబడి విడవకుండా ఉండి రక్తప్రసరణను ఆపే ఒత్తిడి మూడవది. ఈ మూడవది ఇరుకు బూటు పని. స్పర్శ ఉన్నవారు బూటు కరవగానే విప్పేస్తారు, కుంటుతారు, అడుగు మార్చుకుంటారు. స్పర్శ లేనివారు సాయంత్రం దాకా వేసుకునే ఉంటారు. చాలామంది రోగులు పట్టు తెలియక తమ కొలతకన్నా ఇరుకైన చెప్పులను ఎంచుకోవడం కూడా సహజమే. 'చెప్పు కరిచింది' అన్న మాట నిజానికి శరీరం చేసే రక్షణ. ఆ రక్షణ లేని పాదానికి కొలత ప్రాణప్రాయం.

కొయ్య, ప్లాస్టిక్, మైనం వంటి పదార్థాలతో అనేక ప్రయత్నాల తరువాత సూక్ష్మరంధ్రాల మెత్తని రబ్బరు, అంటే మైక్రోసెల్యులార్ రబ్బరు, అనువైన పదార్థంగా తేలింది. పాదానికి తగిలే చోట ఈ మెత్తని రబ్బరు, నేలకు తగిలే చోట గట్టి రబ్బరు లేదా పాత టైరు ముక్క, సర్దుకునే వెడల్పు పట్టీలు, జారకుండా మడమ వెనుక పట్టీ దీని నిర్మాణం. మేకులు నిషిద్ధం, ఎందుకంటే లోపలికి పొడుచుకు వచ్చిన మేకు రోగికి తెలియదు. వెడల్పుకు విప్పారిన పట్టీలు, అట్టకు తగిన లోతు, జారుడుకు వెనుక పట్టీ: తెలుగు పల్లె చెప్పులోని సూత్రమూ, విట్‌మన్ అట్టలోని సూత్రమూ ఇక్కడ ఒకే పాదరక్షలో కలిశాయి.

ఈ చెప్పుల చరిత్రలో విషాదం కూడా ఉంది. వాటి ప్రత్యేకమైన ఆకారమే వేసుకున్నవారిని కుష్ఠురోగులుగా ఊరికి పట్టిచ్చేది. పాదాన్ని కాపాడే చెప్పు పరువును కాపాడలేకపోవడంతో ఎందరో వాటిని వాడటం మానుకున్నారు. మామూలు చెప్పుల్లా కనిపించే నమూనాల రూపకల్పన అందువల్లనే తరువాతి కాలంలో వైద్య అవసరంగా గుర్తింపు పొందింది. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఈ రబ్బరు చెప్పులు రెండు తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా నేటికీ పంపిణీ అవుతున్నాయి.

9. లోతుకు చట్టబద్ధమైన గుర్తింపు

బ్రాండ్ 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాడు. కరిగిరిలో రూపుదిద్దుకున్న ఆలోచన అక్కడ మధుమేహ రోగుల పాదాలకు విస్తరించింది. స్పర్శ కోల్పోవడం రెండు వ్యాధులలోనూ సమానమే. అమెరికా ప్రభుత్వ వైద్య బీమా 1993 నుండి అర్హులైన మధుమేహ రోగులకు ఏడాదికి ఒక జత లోతు బూట్లు, మూడు జతల లోపలి అట్టలు అందించడం ప్రారంభించింది. ఆ నిబంధనలలో 'లోతు బూటు' నిర్వచనం చరిత్రకారుల దృష్టికి విలువైన పత్రం. లోపలి పూర్తి నిడివి అట్టను తీసివేస్తే కనీసం అంగుళంలో 16వ వంతుకు మూడు రెట్లు, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్ల అదనపు లోతు దొరకాలి. పూర్తి, అర సైజులలో కనీసం మూడు వెడల్పులలో అది లభ్యం కావాలి. వ్యాపారి నిల్వ లెక్క తొలగించిన వెడల్పును చట్టం తిరిగి రప్పించింది. అయితే అది రోగులకే పరిమితం. ఆరోగ్యవంతమైన వెడల్పు పాదానికి ఈ హక్కు లేదు.

10. భారతీయ పాదం – కొలతల్లోకి ఆలస్యపు ప్రవేశం

పాదం వెడల్పు పుట్టుకతో వచ్చే లక్షణమా, బూటు నిర్ణయించేదా అన్న చర్చకు శతాబ్దానికి పైగా చరిత్ర ఉంది. 1905లో అమెరికన్ వైద్యుడు ఫిలిప్ హాఫ్‌మన్ చెప్పులెరుగని ప్రజల పాదాలను, బూట్లు వాడేవారి పాదాలను పోల్చి, మొదటివారి వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉండటాన్ని నమోదు చేశాడు. ఆయన పరిశీలించిన వారిలో 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు తీసుకురాబడిన ఫిలిప్పీన్స్ ప్రజలున్నారు. మనుషులను ప్రదర్శన వస్తువులుగా మార్చిన సామ్రాజ్యవాద వేదిక ఈ జ్ఞానానికి మూలమన్నది విస్మరించరానిది. 1958లో హాంకాంగ్‌లో సిమ్-ఫూక్, హాడ్జ్‌సన్‌లు చేసిన అధ్యయనం బూట్లు వాడేవారిలో బొటనవేలి వంకర ఎక్కువని చూపింది.

భారతదేశంలో 1992లో రావు, జోసెఫ్‌లు 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించారు. చదునుపాదం బూట్లు వాడే పిల్లలలో 8.6 శాతం, చెప్పులు లేకుండా తిరిగే పిల్లలలో 2.8 శాతం కనిపించింది. 2009లో వెలువడిన మరొక అధ్యయనంలో దక్షిణ భారతంలో జీవితమంతా వట్టి కాళ్లతో నడిచినవారి పాదాలు వెడల్పుగాను, పాశ్చాత్యుల పాదాలు పోలికలో సన్నగాను ఉన్నట్లు తేలింది. ఈ ఫలితాల నుండి చెప్పులు అనవసరమన్న నిర్ణయానికి రాకూడదు. ముళ్లు, కొంకిపురుగులు, ఎండిన రేగడి నేల నుండి రక్షణ లేకపోవడం పేదరికపు ఫలితమే గాని ఆరోగ్య రహస్యం కాదు. సన్నని అచ్చు సార్వజనీనం కాదన్నంత వరకే ఈ అధ్యయనాల సాక్ష్యం.

అయినా భారతీయ పరిశ్రమ బ్రిటిష్ పాలన నుండి వచ్చిన సైజులనే కొనసాగించింది. 1930లలో బెంగాల్‌లో బాటా కర్మాగారం వెలసి కప్పు బూట్లను మధ్యతరగతికి చేరువ చేసింది. 1948లో మద్రాసులో కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థ ఏర్పడింది. భారతీయ పాదాలకు ప్రత్యేక కొలతలు రూపొందించే దేశవ్యాప్త సర్వేను ఆ సంస్థ 2021 డిసెంబరు – 2022 మార్చి మధ్య నిర్వహించింది. 79 ప్రాంతాలలో 1,01,880 మంది పాదాలను త్రిమితీయ యంత్రాలతో కొలిచారు. భారతీయుల పాదాలు యూరోపియన్, అమెరికన్ పాదాలకన్నా వెడల్పని, ఇరుకు తప్పించుకోవడానికి చాలామంది తమకు అవసరమైన దానికన్నా పొడవైన బూట్లు వాడుతున్నారని ఈ సర్వే తేల్చింది. దీని ఆధారంగా 'భా' పేరుతో ఎనిమిది వర్గాల కొలతల పద్ధతిని ప్రతిపాదించారు.

ఈ సర్వే ఫలితం అర్థాన్ని సూటిగా గ్రహించాలి. మెజారిటీ ప్రజల పాదం 'వెడల్పు' అయినప్పుడు ఆ మాటకు అర్థం ఉండదు. అది పాదానికి విశేషణం కాదు, అచ్చు ఇరుకుకు మరో పేరు. అయితే కొత్త ప్రమాణం కూడా ఒక సగటే. 'భా' పద్ధతి వెడల్పు సమస్యను చాలామందికి తగ్గించవచ్చు. ఆర్థోటిక్ అట్ట వాడేవారి లోతు సమస్య సగటు కొలతతో తీరేది కాదు.

11. ముగింపు

పై పరిశీలన నుండి ఈ కింది అంశాలు నిర్ధారణ అవుతాయి.

1. వెడల్పు పాదానికి తగిన బూటు దొరకకపోవడానికి మూలం 19వ శతాబ్దిలో ప్రమాణం పాదం నుండి అచ్చుకు బదిలీ కావడం. వెడల్పు కొలతల విజ్ఞానం 1880 ప్రాంతం నుండి ఉన్నా, నిల్వ ఖర్చు కారణంగా విపణి దానిని పక్కన పెట్టింది.

2. వెడల్పు, లోతు వేరు వేరు సమస్యలు. నిడివి పెంచడం ఈ రెండింటికీ పరిష్కారం కాదు. మడమ నుండి కీలు వరకు కొలత, తీసివేయగల లోపలి అట్ట, భారం మోపి నిలబడినప్పుడు తీసిన కొలత – ఈ మూడూ చరిత్ర పరీక్షకు నిలిచిన సూత్రాలు.

3. పాదాన్ని శ్రద్ధగా కొలిచిన సందర్భాలన్నింటిలోనూ పాదం నష్టాన్ని భరించే సంస్థ ఒకటి ఉంది: సైన్యం, కుష్ఠు ఆసుపత్రి, వైద్య బీమా. నష్టాన్ని వ్యక్తే భరించే చోట కొలత నిర్లక్ష్యానికి గురైంది.

4. కరిగిరి కృషి పాదరక్షల ప్రపంచ చరిత్రలో దక్షిణ భారతానికి గల స్థానాన్ని నిరూపిస్తుంది. వైద్య చరిత్రతో పాటు వృత్తికళల చరిత్రలోనూ దీనిని చేర్చవలసి ఉంది.

తెలుగు ప్రాంతాలలో చెప్పులు కుట్టే వృత్తికారుల కొలత పద్ధతులు, ఆసుపత్రుల పాదరక్షల విభాగాలలో వారి వారసులు చేసిన పని పరిశోధకుల దృష్టికి తగినంతగా రాలేదు. కాలు మోపించి గీత గీసిన ఆ చేతి జ్ఞానమూ, మధుమేహం పెరుగుతున్న నేటి సమాజపు అవసరమూ కలిసే చోటు అదే. చెప్పు కరిచినప్పుడు చెప్పునే తప్పు పట్టిన తెలుగు నుడికారం శరీరశాస్త్రం రెండున్నర శతాబ్దాలుగా చెబుతున్న మాటనే చెప్పింది.